ముందు నడుం, చివర చేతులు

మా బాబాయి మా పాపను ఎత్తుకుని తిరిగే తీరు చూసి కొత్తవాళ్ళు నవ్వుకుంటారు. పక్కకి తిరగాలంటే ఆయన మెడ తిప్పడు, నడుం తిప్పడు. ముందు ఒక పాదం జరుగుతుంది, తర్వాత రెండోది, వాటితో పాటు మనిషంతా ఒకేసారి, బీరువా జరిపినట్టు. నాకు మాత్రం ఆ తిరుగుడు చూస్తే ఎక్కడలేని నిశ్చింత. పాపను ఇంకెవరు ఎత్తుకున్నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కనే నిలబడతాను. బాబాయి ఎత్తుకుంటే వెళ్ళి తలస్నానం చేసి వస్తాను.

అది అద్దాలు మోసేవాళ్ళ తిరుగుడు. నాన్నా, ఆయన తమ్ముడు మా బాబాయీ, తాతయ్య పెట్టిన అద్దాల కొట్టునే నడుపుతున్నారు. కింద కొట్టు, పైన మా కాపురాలు. నిలువెత్తు అద్దం మొయ్యాలంటే ఇద్దరు కావాలి, ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. అద్దం కాస్త వంగితే ఓర్చుకుంటుంది, మెలిపెడితే ఓర్చుకోదు. మోసేవాడి పాదాలు ఒకవైపు, నడుం ఒకవైపు అయిపోయాయంటే ఆ మెలి చేతుల్లోంచి అద్దంలోకి పోతుంది. అందుకని పాదం కదలకుండా నడుం కదలకూడదని తాతయ్య కొడుకులిద్దరికీ నేర్పాడు. నేర్చుకున్నది పని దగ్గర ఆగలేదు. వెనక నుంచి పిలిస్తే ఇద్దరూ ఇప్పటికీ మొత్తం మనిషి తిరిగి ‘ఆఁ’ అంటారు.

కొట్టు వెనకగదిలో కోత బల్ల ఉంది. పైన మందపాటి దుప్పటి పరిచిన వెడల్పాటి బల్ల. ఆ గది వెనక గోడ, గోడ అవతల బేస్‌బాల్ మైదానం. అటువైపు కిటికీ లేదు. బంతులొచ్చే వైపు కిటికీ పెట్టే అద్దాలవాడు ఎక్కడుంటాడు? బాబాయి బడి మానేసి ఆ బల్ల దగ్గర నిలబడ్డ నాటి నుంచీ ఆటను చూడలేదు, విన్నాడు. మామూలు దెబ్బలన్నీ టప్పుమని అక్కడికక్కడే చచ్చిపోయేవట. ఎప్పుడో ఒక్కటి మాత్రం వేరుగా వచ్చేది. గట్టిగా ఉండేది కాదు. పొడిగా, నిండుగా, ఒక్క మాట అనేసి ఊరుకున్నట్టు ఉండేది. తర్వాత మైదానమంతా ఊపిరి బిగబట్టేది, ఆపైన అరుపులు.

ఆ చప్పుడు వస్తే చాలు, బాబాయి చేతిలో కట్టర్ ఆగిపోయేది. తాతయ్య మొట్టికాయ వేసేవాడు. “గీత మధ్యలో ఆపావంటే అద్దం నువ్వు చెప్పినట్టు విరగదురా. దానికి తోచినట్టు విరుగుతుంది. చెవులు ఇంట్లో పెట్టి రా రేపట్నుంచి!”

బంతి, బ్యాటు అనే మాటలే ఆ ఇంట్లో బూతుల్లాంటివి. అద్దాల కొట్టులో మరి అంతే. తాతయ్య పోయాక కూడా బాబాయికి గోడ దాటాలని తోచలేదు. పెళ్ళయింది, జుట్టు నెరిసింది, బరువులు మోసి మోసి కుడి భుజం పేచీ మొదలుపెట్టింది. చెవులు మాత్రం గోడకే ఉన్నాయి.

కిందటేడు ఒక ఇంట్లో పగిలిన కిటికీ అద్దం వెయ్యడానికి వెళ్ళాడు. ఆ ఇంటావిడ బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంటుంది కాబట్టి అందరూ ఈలమ్మ అంటారు. మైదానంలో సాయంత్రాలు ఆడే పనివాళ్ళ జట్టుకి ఆవిడే కోచ్. బాబాయి అద్దం బిగించి, చేతులు తుడుచుకుని, కూలి మాట ఎత్తకుండా తలుపు వారన ఆనించి ఉన్న కర్ర బ్యాటు వైపు చూసి, “ఒక్కసారి పట్టుకోవచ్చాండీ?” అన్నాడట.

ఆవిడ ఏమందో తెలియదు గానీ, ఆ వారమే ఆయన గోడ దాటాడు.

నేను పాపను బండిలో పడుకోబెట్టుకుని సాయంత్రాలు మైదానం అంచున కూర్చునేదాన్ని. వంటగది కన్నా అక్కడ గాలి మంచిదని చెప్పేదాన్ని. నిజానికి గదిలో ఒక్కదాన్నే ఉంటే పాప ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటానని నాకు భయం. మా ఆయనవి రాత్రి డ్యూటీలు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెంచింది పిన్ని, అంటే బాబాయి భార్య. ఆవిడకి నా భయాలు చూస్తే నవ్వు.

మొదటి రోజుల్లో బాబాయి కొట్టిన బంతులు కొట్టినట్టే ఉండేవి కావు. నిద్రలో నడిచినట్టు నాలుగడుగులు దొర్లి ఆగిపోయేవి. మందుల షాపాయన, బస్సు డ్రైవరు, జట్టులో మిగతావాళ్ళు గడ్డిలో కూర్చుని వేడుక చూసేవాళ్ళు.

“అద్దాలాయనా, మీరు మనిషా తలుపా?” అని ఈలమ్మ అరిచేది. “తలుపు తెరుచుకున్నట్టు మొత్తం ఒకేసారి తిరుగుతున్నారు!”

“తలుపైనా నయమమ్మా,” డ్రైవరు అందుకున్నాడు. “దానికి మడతబందులుంటాయి.”

ఆవిడ నేర్పేది ఒక వరస. బరువు వెనక కాలి మీదికి తీసుకోవాలి. ముందు కాలు చిన్న అడుగు వేసి మడమ నేలకి ఆనించాలి. మడమ ఆనగానే నడుం తిరగాలి, బొడ్డు బంతి విసిరేవాడి వైపు చూసేలా. భుజాలు ఇంకా వెనకే ఉండాలి. అప్పుడు పొట్టకి అడ్డంగా ఒక లాగుడు పుడుతుంది. ఆ లాగుడే భుజాల్ని తెస్తుంది, భుజాలు చేతుల్ని తెస్తాయి, చేతులు చివర్లో బ్యాటుని విసురుతాయి. “మడమ, నడుం, భుజం, చేతులు” అని ఆవిడ పాడుతూ ఉండేది. “చేతులతో కొట్టకండి. చేతుల్ని రానివ్వండి.”

ఒక సాయంత్రం బాబాయి చెమటలు కక్కుతూ నా పక్కన కూలబడ్డాడు. “ఏమ్మా, ఫిజిక్సు చదివావు కదా. వరసగా ఎందుకు తిరగాలి? అన్నీ కలిసి తిరిగితే బలం ఎక్కువుండాలి కదా?”

పాపను తుడిచే తడి తువ్వాలు తీసి చూపించాను. కర్రలా బిగించి ఊపితే ఏమీ లేదు. మొదలు ఊపి, దాన్ని ఆపి, కొసని వదిలేస్తే చిటుక్కుమంది. “పెద్ద భాగం ముందు కదిలి ఆగుతుంది బాబాయ్. దాని వేగం తర్వాతి చిన్నదానికి పోతుంది. అది ఆగితే ఇంకా చిన్నదానికి. చివరికి అంతా బ్యాటు కొసకి చేరుతుంది.”

“అర్థమైంది,” అన్నాడు. లేచి వెళ్ళాడు. మళ్ళీ తలుపులాగే తిరిగాడు. అక్కణ్ణుంచే నా వైపు చూసి, “బుర్రకి అర్థమైందమ్మా, నడుముకి కాలేదు!” అని అరిచాడు.

అంత కష్టపడి ఏం సాధించాలని అని పిన్ని ఒకసారి నిలదీసింది. “ఈ వయసులో నడుం తిప్పుడేంటి? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?”

“ఆట గెలవక్కర్లేదే. ఆ చప్పుడు ఒక్కసారి నా చేతుల్లోంచి రావాలి. అంతే.”

“చప్పుడు కావాలంటే వంటింట్లోకి రండి. గిన్నెలున్నాయి.”

అయితే ఈలమ్మ ఒక మాట ఇచ్చింది. తలుపు మనిషైతే, సీజను చివరి ఆటలో ఒకసారి బ్యాటింగ్ ఇస్తానని. వచ్చే ఏడాదికి తన భుజం బ్యాటు ఎత్తనిస్తుందో లేదో బాబాయికే నమ్మకం లేదు. ఈ ఒక్కసారే అని ఆయన లోపల్లోపల అనుకుంటున్నట్టు మాకందరికీ తెలుసు.

అదే రోజుల్లో నా దిగులు నాది. పాప బోర్లాపడటం లేదు. పక్కింటి పిల్ల పడింది, పుస్తకంలో పిల్ల పడింది, మా పిల్ల మాత్రం వెల్లకిలా పడుకుని ఫ్యానుతో కబుర్లు చెబుతోంది. డాక్టరు పరవాలేదన్నాడు. ఆయన పరవాలేదన్న తీరులో ఏదో తేడా ఉందని నాకు అనుమానం. తర్వాత ఒకటి రెండుసార్లు దుంగ దొర్లినట్టు అటూ ఇటూ దొర్లింది. అది లెక్కలోకి వస్తుందో రాదో అని మళ్ళీ దిగులు.

ఒక ఆదివారం పొద్దున చాప మీద పాప, పక్కన కాపలాగా బాబాయి. నేను పాలసీసా కడుగుతున్నాను. ఉన్నట్టుండి బాబాయి గొంతు వినిపించింది. “అమ్మాయ్! తొందరగా రా! మళ్ళీ చేస్తుంది చూడు!”

సీసా సింకులో పడేసి పరిగెత్తాను. పాప ఒక కాలు పైకెత్తి రెండో వైపుకి విసిరింది. దాని వెంట నడుం వెళ్ళింది. భుజాలు ఇంకా చాపకే అంటుకుని ఉన్నాయి. ఆ చిన్న ఒళ్ళు మధ్యలో పిండిన గుడ్డలా మెలితిరిగి ఒక్క క్షణం ఆగింది. తర్వాత భుజం లేచింది, చివర్న ఒళ్ళు కింద ఇరుక్కున్న చెయ్యి బయటికొచ్చింది. బోర్లాపడి, తల నిలబెట్టి, ఏదో ఘనకార్యం చేసినదానిలా మమ్మల్ని చూసింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

బాబాయికి నా ఏడుపు పట్టలేదు. పాప పక్కనే వెల్లకిలా పడుకుని, కాలు ఎత్తి అటు విసిరాడు. నడుం వెళ్ళింది. భుజాలు ఉండిపోయాయి.

“ఇదీ!” అన్నాడు పైకప్పు వైపు చూస్తూ. “ఇదే లాగుడు! పొట్టకి అడ్డంగా!”

అప్పుడే లోపలికొచ్చిన పిన్ని గుమ్మంలో నిలబడిపోయింది. “ఒక పిల్లని పెంచడానికే మాకు చాలటంలేదు. మీరు కూడా మొదట్నుంచీ మొదలుపెట్టారా?”

ఆ సాయంత్రం ఈలమ్మ వెనక నిలబడి ఆయన బ్యాటు కొస పట్టుకుంది. “నేను వదిలేదాకా చేతులు రావు. నడుం ఒక్కటే వెళ్ళాలి.” మడమ ఆనింది, నడుం తిరిగింది, ఆవిడ వదిలింది. కర్ర మీద నిలబెట్టిన బంతి గడ్డి తాకకుండా ఎగిరి వెళ్ళి దూరంగా పడింది. ఆ చప్పుడు రాలేదు గానీ దానికి దూరపు చుట్టం లాంటిదేదో వచ్చింది. గడ్డిలో కూర్చున్నవాళ్ళు నవ్వడం మానేశారు.

ఇక ఆయన్ని పట్టడం మావల్ల కాలేదు. పళ్ళు తోముకుంటూ నడుం తిప్పేవాడు. మెట్ల మీద తిప్పేవాడు. పప్పు గరిటె పట్టుకుని తిప్పితే పిన్ని గరిటె లాక్కుంది. పాపను నాకు అందించేటప్పుడు ఒకసారి నడుం ముందు తిరగడం నేను చూశాను. చూసి, ఏమీ అనలేదు.

తర్వాతి వారంలో ఒక బేకరీ ముందుభాగానికి పెద్ద అద్దం వెయ్యాల్సి వచ్చింది. పొద్దున నేను పాపను ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. నాన్న ముందు కొసన, బాబాయి వెనక కొసన. కొట్టు గుమ్మం దాటి బండి వైపు తిరగాలి. నాన్న పాదం జరిపాడు. బాబాయి నడుం పాదం కంటే ముందు వెళ్ళింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. సన్నగా, గోరుతో గీసినట్టు ఒక శబ్దం అద్దం ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది. కింది సగం జారింది. నాన్న దాన్ని వదిలేసి ఉంటే పోయేది. వదల్లేదు, అలవాటు. ముంజేతి మీద చీల్చుకుపోయింది. నేను పాప తలని గుండెకి అదిమి అక్కడే ఉండిపోయాను. పిన్నే పరుగెత్తి తువ్వాలు చుట్టింది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు. నరం తెగలేదు. ఆ మాట డాక్టరు చేత రెండోసారి చెప్పించాను. ఇంటికొచ్చేసరికి బ్యాటు అద్దాల స్టాండు వెనక గోడకి నెట్టేసి ఉంది. బాబాయి గాజుపెంకులు ఊడుస్తున్నాడు, ఊడ్చిన చోటే మళ్ళీ మళ్ళీ.

మైదానానికి వెళ్ళడం మానేశాడు. సాయంత్రం గోడ అవతల ఆట మొదలవగానే పని ఉన్నా లేకపోయినా వెనకగదిలోంచి లేచి ముందుకొచ్చేసేవాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ చప్పుడుకి దూరంగా జరగడం అదే మొదటిసారి. పాపను ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. “వద్దమ్మా. నాకు నా ఒంటి మీద నమ్మకం పోయింది.”

నాకు ఆయన ఆడాలనీ ఉంది, మళ్ళీ నాన్న కొసకి ఎదురుగా అలా నిలబడకూడదనీ ఉంది. నా మనసులోనే రెండు అద్దాలు రాసుకుంటున్నాయి.

చివరికి మాట్లాడింది నాన్నే. కట్టు మార్పించుకుని వచ్చి కోత బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఏరా, మైదానానికి పోవట్లేదా?”

“అక్కర్లేదన్నయ్యా.”

“చెయ్యి తెగింది నాది. మూతి ముడుచుకుంది నువ్వు. ఇదెక్కడి న్యాయం?”

“అన్నయ్యా, నేను గనక—”

“ఆగు. నాన్న ఉన్నప్పుడు అద్దం ఎత్తేముందు ఏం చేసేవాళ్ళం?”

“‘అద్దం’ అనేవాళ్ళం.”

“ఎందుకు?”

“ఒళ్ళు బిగించుకోడానికి. ఒకడంటే రెండోవాడు అనాలి. రెండోవాడు అనేదాకా ఎత్తకూడదు.”

“మరి ఎందుకు మానేశాం? ఇన్నేళ్ళు మోశాం, మనకి చెప్పేదేముందిలే అనుకున్నాం. నువ్వొక్కడివే కాదు, నేనూ మానేశాను.” నాన్న కట్టు సర్దుకున్నాడు. “ఇక నుంచి ఎత్తే ప్రతిసారీ అందాం. అక్కడికి వెళ్ళినప్పుడు ఇంకోటి అనుకో. బ్యాటు అను, బంతి అను, నీ ఇష్టం. ఒంటికి ఏ పనిలో ఉన్నామో చెప్పాలి కదా, దానికేం తెలుస్తుంది పాపం?”

“వద్దన్నయ్యా. నీ చేతికి ఇంకోసారి ఏమైనా అయితే—”

“ఒరేయ్,” అన్నాడు నాన్న. “నీ ఒక్కడికే చెవులున్నాయనుకున్నావా? నువ్వు ఈ పక్క గీస్తుంటే ఆ పక్క గీసింది ఎవరు? ఆ చప్పుడు నేను వినలేదా? నేను గీత ఆపలేదు కాబట్టి మొట్టికాయలు తప్పాయి, అంతే తేడా.”

బాబాయి అన్నవైపు తిరిగాడు. పాదాలతో, మొత్తం మనిషి.

మర్నాడు పొద్దున కిందనుంచి “అద్దం” అన్న మాట, వెంటనే “అద్దం” అన్న జవాబు వినిపించాయి. అప్పటినుంచీ ఎత్తిన ప్రతి పలకకీ వినిపిస్తూనే ఉన్నాయి. పాపను అందుకునేటప్పుడు కూడా బాబాయి నా మొహంలోకి చూసి “అద్దం” అంటాడు. నేను అనేదాకా ఎత్తుకోడు. పిన్ని దీనికి కూడా నవ్వుతుంది గానీ, తనూ అంటుంది.

చివరి ఆట రోజు నాన్నని రమ్మన్నాం. రానన్నాడు. “నేను వెనకగదిలోనే ఉంటా. ఎప్పుడూ విన్న చోటు నుంచే వింటా.”

బాబాయికి బ్యాటింగ్ చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటికే మా జట్టు ఓడిపోయేలా ఉంది, ఎవరికీ పెద్ద ఆశలు లేవు. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళి, పక్కకి నిలబడి, పెదాలు కదిపాడు.

“ఏంటా గొణుగుడు?” ఈలమ్మ అడిగింది.

“మా ఇంటి సంగతండీ.”

మొదటి బంతికి గాలిని కొట్టాడు. రెండోది బ్యాటు అంచుకి తగిలి వెనక కంచెలోకి పోయింది. నేను పాపను గట్టిగా పట్టుకున్నాను. మూడో బంతి వస్తుండగా ముందు మడమ ఆనడం చూశాను. బొడ్డు తిరిగింది. భుజాలు ఉండిపోయాయి. ఆ ఒక్క క్షణంలో ఆయన చాప మీది మా పాపలా ఉన్నాడు, మధ్యలో మెలితిరిగి. తర్వాత అన్నీ వచ్చాయి, చివర చేతులు.

బంతి చాలా పైకి లేచింది. మైదానం ఊపిరి బిగబట్టింది. గోడ దాటలేదు. గోడకి వీపు ఆనించి నిలబడ్డ అవతలి జట్టువాడి చేతుల్లో పడింది. అవుట్. అయినా డ్రైవరు లేచి నిలబడి గొంతు చించుకుంటున్నాడు. ఈలమ్మ ఈల ఊదడం మర్చిపోయింది.

బాబాయి పరిగెత్తలేదు. బ్యాటు పట్టుకుని తన అరచేతుల వైపే చూసుకుంటూ మా దగ్గరికొచ్చాడు.

“కొట్టానా?” అన్నాడు.

“అదేంటి బాబాయ్, అంత పైకి లేచింది!”

“చేతుల్లోకి ఏమీ రాలేదమ్మా. ఎప్పుడూ వేళ్ళు జివ్వుమంటాయి. ఈసారి ఏమీ లేదు, గాల్లో ఊపినట్టే ఉంది. చప్పుడైందా? నాకు వినపడలేదు.”

సరైన చోట తగిలితే బ్యాటు వణకదని, ఆ అదురు చేతికి రాదని నాకు తెలుసు. చెప్పాను. ఆయనకి కావలసింది అది కాదు. హెల్మెట్ కూడా తియ్యకుండా గేటు దాటి, వీధి చుట్టు తిరిగి కొట్టుకి నడిచాడు. పాపను ఎత్తుకుని నేను వెనకే వెళ్ళాను.

నాన్న కోత బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎదురుగా అద్దం పలక, దాని మీద సగంలో ఆగిపోయిన గీత.

“అన్నయ్యా, విన్నావా?”

నాన్న గీత వైపు చూపించాడు.

“ఎలా ఉంది?”

నాన్న వేలి కణుపుతో బల్ల అంచు మీద ఒకసారి కొట్టాడు. తల అడ్డంగా ఊపాడు. సుత్తి పిడితో తలుపు చెక్క మీద కొట్టాడు. “ఇది కాదు. దీనికి దగ్గరే గానీ ఇది కాదు.” బాబాయి బ్యాటు తీసుకుని గుమ్మం మీద మెల్లగా తట్టి, “ఇలాగా?” అన్నాడు.

“ఊఁహూఁ.”

సీజను అయిపోయింది. భుజం ఆయన అనుకున్నట్టే మొండికేసింది, బ్యాటు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు సాయంత్రాలు పాప బల్ల కింద పాకుతూ ఉంటుంది. పెంకులుంటాయేమోనని ముందు నేను పాకి చూసి వస్తాను. అవతల ఎవరో కొడతారు. ఇద్దరి కట్టర్లూ ఒకేసారి ఆగిపోతాయి. బాబాయి అన్న మొహంలోకి చూస్తాడు.

“ఇలాగా అన్నయ్యా?”

నాన్న కళ్ళు మూసుకుంటాడు.

“దీనికన్నా కాస్త లోతు.”